నాన్న మౌజర్ మీద రెడ్ డాట్: ఒక్క రంధ్రం కూడా పెట్టకుండా కుదురుతుందా?

వాల్‌నట్98:

అందరికీ నమస్కారం. ప్రశ్న కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపికగా చదవండి.

నా దగ్గర కార్ 98కె మౌజర్ అనే పాత జర్మన్ రైఫిల్ ఉంది, 7.92×57 తూటాది. నాన్న దాన్ని ముప్ఫై ఏళ్లకు పైగా రేంజ్‌లో కాగితం టార్గెట్ల మీదే కాల్చారు. ఆయన పోయాక లైసెన్సు పనులన్నీ పూర్తయి రైఫిల్ నా చేతికి వచ్చింది. వాల్‌నట్ స్టాక్. నాన్న కుడి చెయ్యి పట్టే చోట చెక్క నల్లబడి, నున్నగా, అద్దంలా ఉంటుంది. రిసీవర్ (బోల్ట్ కదిలే ఉక్కు భాగం), బోల్ట్, బారెల్ అన్నిటి మీదా ఒకటే నంబరు. ఇన్నేళ్లలో ఎవరూ దాన్ని కోయలేదు, తొలవలేదు, పాలిష్ కూడా పెట్టలేదు.

ఇబ్బంది నా కళ్లతో. నాకు 54. "మొన మీదే ప్రాణం పెట్టు, టార్గెట్ మసగ్గా ఉన్నా ఫరవాలేదు" అని నాన్న చెప్పేవారు. ముందు సైట్ మొన సూదిలా కనిపించినన్నాళ్లూ ఆ మాట పట్టుకునే కాల్చాను. ఇప్పుడా మొన ఊలు దారం కొసలా కనిపిస్తోంది. వెనక గాడి అయితే మరీ మసక. 100 మీటర్ల దగ్గర ఐదు తూటాలు ఇదివరకు పది సెంటీమీటర్లలో పడేవి. పోయిన మూడు సార్లూ పాతిక దాటింది. తూటాలు అవే, బల్ల అదే, మనిషినీ నేనే.

అందుకే ఆప్టిక్, అంటే అద్దంలోంచి గురి చూసే సాధనం, పెట్టాలనుకుంటున్నాను. ఒక వర్క్‌షాప్‌లో చూపిస్తే, రిసీవర్ మీద నాలుగు రంధ్రాలు వేసి బేస్ బిగించి స్కోప్ పెట్టేస్తాం, సగం రోజు పని అన్నారు. అతను పెన్సిల్ తీసి గుర్తులు పెట్టబోతుంటే నా గుండె ఆగినంత పనయింది. రైఫిల్ తీసుకుని వచ్చేశాను.

తర్వాత తెలిసింది ఏమిటంటే, వెనక సైట్ ఆకు, అంటే గాడి ఉన్న పలక, తీసేసి ఆ చోటే పట్టుకునే చిన్న మౌంట్లు (ఆప్టిక్‌ని పట్టి ఉంచే దిమ్మెలు) ఉంటాయట, వాటి మీద చిన్న రెడ్ డాట్ (అద్దంలో ఎర్ర చుక్క చూపించే ఆప్టిక్) పెట్టుకోవచ్చట. రంధ్రాలు అక్కర్లేదు. అది నిజంగా జీరో, అంటే ఒకసారి సరిచేసిన గురి, నిలబెట్టుకుంటుందా? చెక్కకి ఏమైనా అవుతుందా? డాట్ సైజు 2 ఎంఓఏ (కోణం కొలత, డిగ్రీలో అరవయ్యో వంతు) మంచిదా, 6 మంచిదా? అసలు అంత పాత చెక్క రైఫిల్ మీద బ్యాటరీ వస్తువు పెట్టడం సబబేనా అనే సందేహం కూడా నన్ను వదలడం లేదు. చేసినవాళ్లు చెప్పండి.

చెక్కా_ఉక్కూ:

వాల్‌నట్ గారూ, ముందుగా ఆ పెన్సిల్ దగ్గరే ఆపి వచ్చేసినందుకు సంతోషం. పాత రైఫిళ్ల స్టాకులు బాగుచేయడం నా పని. అలా నాలుగు రంధ్రాలు పడ్డాక నా దగ్గరికి వచ్చిన మౌజర్లు చాలా చూశాను. స్టాక్‌లో పగులుంటే అతికించగలను, రిసీవర్‌లో రంధ్రాన్ని లేనట్టు చేయలేను.

98 రిసీవర్ పైపొర గట్టిపరిచిన ఉక్కు. మామూలు డ్రిల్ బిట్ దాని మీద జారుతుంది, జారితే రంధ్రం పక్కకి పోతుంది, అప్పుడు బేస్ వంకరగా కూర్చుంటుంది. సరిగ్గా వేసినా ఒకే నంబర్లున్న రైఫిల్ ఇక అసలుది అనిపించుకోదు.

రంధ్రాలు సరిగ్గా పడ్డాయనే అనుకుందాం. స్కోప్ రిసీవర్ మీద కూర్చుంటే ఏం పోతుందో చూడండి. ఐదు తూటాల క్లిప్ పైనుంచి దిగాలి, దారి మూసుకుపోతుంది. ఒక్కో తూటా వేలితో తోసుకోవాలి. సేఫ్టీ రెక్క ఎడమ నుంచి కుడికి పైనుంచే తిరగాలి, స్కోప్‌కి తగులుతుంది, కాబట్టి సేఫ్టీ మార్చాలి. మీ బోల్ట్ పిడి కిందికి వంగిందే అయినా, పైకెత్తినప్పుడు స్కోప్‌కి తగలకుండా దాన్ని కూడా మళ్లీ వంచాల్సి వస్తుంది. ఒక వస్తువు పెట్టడానికి మూడు అసలు భాగాలు మార్చాలన్నమాట.

వీటన్నిటికన్నా నాకు ముఖ్యం చెంప. దీని గురించి ఎవరూ చెప్పరు. ఆ స్టాక్ పైఅంచు చెక్కినవాడు ఇనుప సైట్ల వరుసనే లెక్కలో పెట్టుకున్నాడు. మీరు చెంప ఆనించగానే కన్ను తనంతట తానే గాడి వెనక్కి వస్తుంది. స్కోప్ పెడితే చూపు అంతకన్నా రెండు మూడు సెంటీమీటర్లు పైకి పోతుంది, చెంప చెక్కని వదిలేస్తుంది, గడ్డం ఆనించి కాల్చాల్సి వస్తుంది. తల ఒక్కోసారి ఒక్కో చోట ఉంటుంది. గ్రూప్, అంటే తూటాలు పడే మేర, పెద్దదవుతుంది, దెబ్బ కూడా దవడకి తగులుతుంది. ఆప్టిక్ ఎంత ఖరీదైనదైనా చెంప నిలవకపోతే వృథా. లీ ఎన్‌ఫీల్డ్ నంబర్ 4 (టి) స్నైపర్ రైఫిళ్లకి 3.5 రెట్ల స్కోప్ పెట్టినప్పుడు స్టాక్ మీద చెక్కతో చెంపదిండు బిగించింది ఇందుకే. గరాండ్ ఎం1సి, ఎం1డి లకి తోలు దిండు కట్టిందీ ఇందుకే. గరాండ్‌లో ఎనిమిది తూటాల క్లిప్ పైనుంచే దిగాలి కాబట్టి స్కోప్‌ని ఎడమ పక్కకి జరపాల్సి వచ్చింది, దాంతో చెంపని కూడా ఎడమకి నెట్టడానికి ఆ దిండు.

కాబట్టి మీరు విన్న రెండో దారే సరైనది. వెనక సైట్ ఆకు చోట మౌంట్, దాని మీద చిన్న డాట్, వీలైనంత కిందికి. క్లిప్ దారి, సేఫ్టీ, బోల్ట్ ఏవీ మారవు. చూపు పాత వరుసకన్నా ఒకటిన్నర రెండు సెంటీమీటర్లు పైకి వస్తుంది. దానికి లేసుతో కట్టుకునే పలచటి తోలు దిండు చాలు. అది చెక్కకి అంటుకోదు. కానీ రైఫిల్ బీరువాలో ఉన్నప్పుడు తీసి ఉంచండి, తోలు కింద తేమ నిలిస్తే చెక్క మీద మచ్చ పడుతుంది.

పొరపాటున కూడా మౌంట్‌ని చెక్కకి, అంటే బారెల్ పై కప్పుకి గానీ స్టాక్‌కి గానీ బిగించకండి. చెక్క తేమకి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది, అదీ పీచుకి అడ్డంగా ఎక్కువ. దానితో పాటు డాట్ కూడా కదులుతుంది. ఉక్కుని ఉక్కే పట్టుకోవాలి.

బిగించే పద్ధతి విడిగా రాస్తాను, ఇక్కడ ఎక్కువైపోయింది.

పదో_వలయం:

అందరూ మౌంట్ గురించే మాట్లాడుతున్నారు. ముందు కళ్లు చూపించుకోండి సార్.

మీ లక్షణాలు చదివితే వయసుతో వచ్చే దగ్గరి చూపు ఇబ్బందిలా ఉంది. నాకూ అదే. నేను ఏ డాట్ పెట్టలేదు. కళ్ల డాక్టర్‌కి ముందు సైట్ కంటి నుంచి ఎంత దూరంలో ఉంటుందో టేపుతో కొలిచి చెప్పాను. నా దూరపు పవర్‌కి +0.50 కలిపి షూటింగ్ కోసం ఒక జోడు రాసిచ్చారు. మొన మళ్లీ మొనలా కనిపించింది. దానికి తోడు కళ్లజోడు అద్దానికి అతికించుకునే చిన్న రంధ్రపు పలకలు ఉంటాయి. చిన్న రంధ్రంలోంచి చూస్తే దగ్గరదీ దూరందీ రెండూ కాస్త తేటపడతాయి. రైఫిల్‌ని ముట్టుకోనవసరమే లేదు.

ఇంకో సంగతి. మీకు ఆస్టిగ్మాటిజం (కంటి వంపులో తేడా వల్ల వచ్చే చూపు దోషం) ఉంటే రెడ్ డాట్ గుండ్రంగా కనిపించదు. చుక్క చిందినట్టో, తోకచుక్కలానో కనిపిస్తుంది. కొనకముందే ఎవరిదైనా డాట్‌లోంచి చూడండి. వంకరగా కనిపిస్తే అదే డాట్‌ని ఫోన్ కెమెరాతో చూడండి. కెమెరాలో గుండ్రంగా ఉంటే తేడా డాట్‌లో లేదు, కంటిలో ఉంది.

ఇనుప సైట్లతో కాల్చడమే ఆ రైఫిల్‌కి న్యాయం అని నా అభిప్రాయం. మీ ఇష్టం.

ముందుచూపు:

పదో వలయం గారి కళ్లజోడు సలహా మంచిదే, కానీ వెలుతురు తగ్గితే ఆ రంధ్రపు పలక చీకటిగా అయిపోతుంది, నేను వాడి చూశాను. అయినా ఆప్టిక్ ముందుకి పెట్టడం ఈ రైఫిల్‌కి పరాయిదేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధంలోనే ఇదే కార్ 98కె మీద వెనక సైట్ దగ్గర, ఎడమ పక్కన, జడ్‌ఎఫ్ 41 అని 1.5 రెట్ల చిన్న స్కోప్ పెట్టారు. కంటికి అంత దూరంగా ఉంటే కనిపించే మేర చాలా సన్నం. సైనికులకి అది నచ్చలేదంటే అందుకే. రెడ్ డాట్‌కి ఆ ఇబ్బంది లేదు, కంటికి ఎంత దూరంలో పెట్టినా డాట్ కనిపిస్తుంది. తర్వాత జెఫ్ కూపర్ అనే అమెరికన్ షూటింగ్ రచయిత స్కౌట్ రైఫిల్ అని ప్రచారం చేసిందీ ఈ ముందు మౌంట్ ఆలోచననే: రెండు కళ్లూ తెరిచి ఉంచడం, రిసీవర్ పైభాగం ఖాళీగా ఉంచడం.

నేను మోసిన్ నగాంట్ మీద రెండేళ్లుగా ఇలాంటి మౌంటే వాడుతున్నాను. డాట్ సైజు విషయానికి వస్తే, 1 ఎంఓఏ అంటే 100 మీటర్ల దగ్గర దాదాపు 2.9 సెం.మీ. 2 ఎంఓఏ డాట్ అక్కడ 6 సెం.మీ. లోపు మూస్తుంది. 6 ఎంఓఏ అయితే 17 సెం.మీ. పైనే, మీ పాత గ్రూప్ మొత్తం దాని కింద దాక్కుంటుంది. కాగితం కోసమైతే 2 తీసుకోండి. వెలుగు తగ్గించి వాడండి, ఎక్కువ పెడితే 2 కూడా 5 లా ఉబ్బి కనిపిస్తుంది.

మొదటి 60 తూటాల్లో నా మౌంట్ ఒకసారి వదులైంది. అప్పటి నుంచి ప్రతి స్క్రూ తల మీద నుంచి మౌంట్ మీదికి సన్నటి తెల్ల రంగు గీత గీసి ఉంచుతాను. గీత విరిగితే స్క్రూ తిరిగినట్టే.

వాల్‌నట్98:

అందరికీ చాలా థాంక్స్. పదో వలయం గారూ, కళ్ల పరీక్షకి ఈ వారమే వెళ్తున్నాను. చెక్కా ఉక్కూ గారూ, బిగించే పద్ధతి రాయండి. ముఖ్యంగా ఆకు తీయడం దగ్గరే టెన్షన్‌గా ఉంది. అడ్డ పిన్ను ఎనభై ఏళ్లుగా అక్కడే ఉంది కదా.

చెక్కా_ఉక్కూ:

టెన్షన్ పడకండి, తొందర మాత్రం పడకండి.

బోల్ట్ బయటికి తీయండి, చాంబర్‌లోకి వేలు పెట్టి ఖాళీ అని చూడండి. తూటాలు ఇంకో గదిలో ఉంచండి. స్టాక్ మీద, బారెల్ కప్పు మీద కాగితం టేపు అతికించండి. పని చేస్తున్నప్పుడు ఉక్కుకి రాసే డీగ్రీజర్ చెక్క మీద చుక్క పడినా పాత నూనె ఫినిష్ లేచిపోతుంది. మీ నాన్నగారి చెయ్యి ముప్ఫై ఏళ్లు పట్టి తెచ్చిన మెరుపు అది, ఏ నూనెతోనూ తిరిగి రాదు.

పిన్నుకి ముందురోజు రాత్రే రెండు చుక్కలు చొరబడే నూనె వేయండి. ఆకు కింద పట్టీ స్ప్రింగ్ ఉంటుంది, ఆకుని కిందికి నొక్కి పట్టుకుంటే పిన్ను మీద బరువు తగ్గుతుంది. సరిపడా లావున్న ఇత్తడి పంచ్, చిన్న సుత్తి. కదలకపోతే గట్టిగా కొట్టకండి, ఇంకో రోజు నూనెలో ఉండనివ్వండి. ఎందుకంటే ఆ సైట్ బేస్ బారెల్ మీద మెత్తని టంకంతో అతికి ఉంటుంది. సుత్తి దెబ్బలకి టంకం పగిలితే బేసే కదిలిపోతుంది. ఈ కారణంగానే వేడి పెట్టి పిన్ను వదులు చేద్దామనే ఆలోచన కూడా రానివ్వకండి.

ఆకు, స్ప్రింగ్, పిన్ను మూడిటికీ నూనె రాసి ఒక డబ్బాలో పెట్టి, మీద ఏమిటో రాసి పెట్టండి.

తర్వాత మౌంట్ కూర్చోబెట్టండి. ఇక్కడ ఒక్క విషయం దగ్గర ఆగండి. మీ రైఫిల్‌లో బారెల్ పైన ఉండే చెక్క కప్పు సరిగ్గా సైట్ బేస్ ముందు నుంచే మొదలవుతుంది. మౌంట్ ముందు అంచు ఆ చెక్కని తాకకూడదు. సన్నటి కాగితం ముక్క రెండిటి మధ్యా దూర్చి లాగండి. సాఫీగా రావాలి. ఇరుక్కుంటే తేమ పెరిగిన రోజు చెక్క ఉబ్బి మౌంట్‌ని నెడుతుంది, మీరేమో డాట్ పాడైందనుకుంటారు. అలా తగిలితే మౌంట్‌ని రాయండి గానీ చెక్కని గీకకండి. మౌంట్ కొత్తది కొనుక్కోవచ్చు.

స్క్రూలూ రంధ్రాలూ జిడ్డు లేకుండా తుడిచి, నీలం రంగు థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) ఒక్క చుక్క. ఎర్రది వద్దు, అది మళ్లీ విప్పడానికి వేడి అడుగుతుంది. టార్క్ స్క్రూడ్రైవర్, అంటే బిగింపు బలం కొలిచేది, ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి. మౌంట్‌తో ఇచ్చిన కాగితంలో అంకె ఉంటుంది. ఇంత చిన్న స్క్రూలకి మామూలుగా 15 నుంచి 20 ఇంచ్ పౌండ్లు, అంటే 2 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల. "గట్టిగా" అనే కొలతతో బిగిస్తే పాత ఉక్కు మరలు పోతాయి.

స్టాక్ కింద ఉన్న రెండు పెద్ద స్క్రూలు కూడా చూసుకోండి. వాటి పక్కన తల తిరగకుండా ఆపే బుల్లి స్క్రూలు ఉంటాయి, అవి ముందు తీయాలి. ఎండిన చెక్కలో ఆ పెద్ద స్క్రూలు వదులై, రిసీవర్ కదిలి గ్రూప్ పాడవడం నేను చాలాసార్లు చూశాను. స్క్రూడ్రైవర్ మొన గాడికి పూర్తిగా సరిపోవాలి. ఇంట్లో ఉండే కోసు మొనది జారి చెక్క మీద గీత పెట్టేస్తుంది.

జీరో కోసం బోల్ట్ తీసే ఉంచి, రైఫిల్‌ని ఇసుక సంచుల మీద పెట్టి, బారెల్ లోంచి 25 మీటర్ల చుక్కని చూడండి. చుక్క గొట్టం మధ్యలో కనిపిస్తుండగా డాట్‌ని కూడా దాని మీదికి తిప్పండి. అప్పుడు మొదటి తూటాయే కాగితం మీద పడుతుంది.

వాల్‌నట్98:

నెల దాటింది, ఏం జరిగిందో చెప్పాలి.

ముందు కళ్లు. కుడి కంట్లో ఆస్టిగ్మాటిజం ఉందట, ఇన్నేళ్లూ నాకు తెలియదు. స్నేహితుడి డాట్‌లోంచి చూస్తే నిజంగానే కామాలా కనిపించింది, ఫోన్‌లో మాత్రం గుండ్రంగా ఉంది. పదో వలయం గారూ, మీరు చెప్పకపోయి ఉంటే కొన్న డాట్‌ని పాడైందని వెనక్కి పంపేవాణ్ని. కొత్త కళ్లజోడుతో చుక్క చుక్కలా ఉంది. ఆ జోడుతో ఇనుప సైట్లు కూడా ప్రయత్నించాను. పాతిక సెంటీమీటర్లు పదహారుకి తగ్గింది. వెలుతురున్న పూట మాత్రమే.

పిన్ను రెండు రోజులు నూనెలో ఉంచాక మూడో తట్టుకి కదిలింది. ఆకు కింద పాత జిడ్డు నల్లగా గడ్డకట్టి ఉంది. అందులో పసుపు రంగు గుడ్డ పోగు ఒకటి దొరికింది. నాన్న రైఫిల్ తుడిచే ఫ్లానెల్ గుడ్డ అదే రంగు. చాలాసేపు పని ఆపేసి కూర్చున్నాను. ఆ పోగు కూడా డబ్బాలోనే ఉంది.

కాగితం ముక్క పరీక్షలో మౌంట్ చెక్కకి తగిలింది. ఎడమ మూల ఒక్క చోటే. ఆకురాయితో మౌంట్ అంచు అర మిల్లీమీటరు రాశాను, కాగితం సాఫీగా వచ్చింది. చెక్క మీద ఒక్క గీత లేదు.

2 ఎంఓఏ డాట్, కింది వెలుగు నుంచి మూడో మెట్టులో. డాట్ మధ్య నుంచి బారెల్ మధ్యకి కొలిస్తే 4.2 సెం.మీ. వచ్చింది. ఆ ఎత్తుకి 25 మీటర్ల దగ్గర తూటా ఒకటిన్నర సెంటీమీటరు కిందికి పడేలా పెడితే 100 దగ్గర దాదాపు మధ్యకి వస్తోంది. ఇది తెలియక మొదటి రోజు 25 దగ్గరే మధ్యకి సరిచేసి, 100 దగ్గర ఐదారు సెంటీమీటర్లు పైకి పోతుంటే తల పట్టుకున్నాను.

తోలు దిండు కట్టుకున్నాను. చెంప ఆనించగానే డాట్ అద్దం మధ్యలో ఉంటోంది, వెతుక్కోనవసరం లేదు. డాట్ అద్దం అంచున ఉన్నా ఫరవాలేదంటారు గానీ, నా కాగితం మీద అంచున ఉంచి కాల్చినవి కొంచెం పక్కకే పడ్డాయి. అందుకే మధ్యలో ఉంచే కాలుస్తున్నాను. ఇప్పటికి 80 తూటాలు అయ్యాయి, తెల్ల గీతలు విరగలేదు. పోయిన ఆదివారం 100 మీటర్ల దగ్గర ఐదు తూటాలు తొమ్మిది సెంటీమీటర్లలో పడ్డాయి. వరసగా పది పన్నెండు కాలిస్తే బారెల్ వేడికి అద్దంలో టార్గెట్ అలల్లా ఆడుతోంది, అప్పుడు బోల్ట్ తెరిచి పది నిమిషాలు ఆగుతున్నాను.

సబబేనా అని అడిగాను కదా. క్లిప్ నొక్కగానే ఐదు తూటాలూ ఒక్కసారిగా కిందికి దిగే ఆ చప్పుడు, సేఫ్టీ రెక్క బొటనవేలికి తగలడం, ఆ నున్నటి చెక్క, అన్నీ నాన్న చేతిలో ఎలా ఉండేవో అలాగే ఉన్నాయి. నాకు అది చాలు.

ఒక కొత్త సంగతి. మా అమ్మాయికి ఈ మధ్యే రేంజ్‌లో చేరడానికి అనుమతి వచ్చింది. తాతయ్య రైఫిల్‌ని ఇనుప సైట్లతోనే నేర్చుకుంటానంది. తన కళ్లు బంగారంలా ఉన్నాయి. అందుకని మౌంట్ తీసి ఆకు తిరిగి పెట్టి చూశాను, పావుగంట పట్టింది. సాయంత్రం మళ్లీ మౌంట్ వేసి, అదే టార్క్‌కి బిగించి కాలిస్తే 25 మీటర్ల దగ్గర రెండు సెంటీమీటర్లు ఎడమకి పడింది. నా డాట్‌లో ఒక్క క్లిక్ 1 ఎంఓఏ కాబట్టి మూడు క్లిక్కులతో సరిపోయింది. ప్రతిసారీ ఇంతే తేడా వస్తుందా, ఇంకో రెండుసార్లు మార్చి చూసి రాస్తాను.

చెక్కా_ఉక్కూ:

మార్చిన ప్రతిసారీ పాత థ్రెడ్‌లాకర్ పొడి మరల్లోంచి పూర్తిగా తీసేయండి, కొత్త చుక్క వేసి ఒక రాత్రి ఆరనివ్వండి, తర్వాతే కాల్చండి. స్క్రూలు ఎప్పుడూ ఒకే వరుసలో బిగించండి. ఆ మూడు క్లిక్కులు ఒకటికి తగ్గవచ్చు. అమ్మాయి భుజానికి ఉక్కు బట్ ప్లేట్ గట్టిగా తగులుతుంది, పైన తొడిగే రబ్బరు ప్యాడ్ ఒకటి తీసుకోండి. అది కూడా స్క్రూ లేకుండా తొడిగేదే తీసుకోండి.